‘ఉప్పు తగ్గించండి’ అంటే సరిపోదు: నర్సులకు మాట్లాడటంలో శిక్షణ కావాలి

సంపాదకులకు,

“ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, అన్నం తగ్గించండి, రోజూ నడవండి.” బీపీ చూసి, మాత్రలు చేతిలో పెట్టి, గడప దాటేలోపు నర్సమ్మ ఒక్క ఊపిరిలో చెప్పే నాలుగు మాటలివి. ఇంట్లోవాళ్ళు “సరేనమ్మా” అంటారు. ఆ సరే ఎంతవరకు నిలుస్తుందో ఇద్దరికీ తెలుసు. నర్సమ్మ వివరాలు నమోదు చేసే ట్యాబ్‌లో మాత్రం కౌన్సెలింగ్ గడిలో టిక్కు పడిపోతుంది.

గ్రామ నర్సులైన ఏఎన్ఎంలనూ, సబ్ సెంటర్ బాధ్యత చూసే ఎంఎల్‌హెచ్‌పీలనూ తప్పుపట్టడానికి రాస్తున్న లేఖ కాదిది. ఇంజక్షన్ వేయడం బొమ్మ మీద పదిసార్లు చేయించి నేర్పుతాం. కాన్పు చేయడం పక్కన నిలబడి నేర్పుతాం. కుటుంబంతో మాట్లాడటం దగ్గరికి వచ్చేసరికి తెర మీద నలభై స్లయిడ్లు చూపించి పంపించేస్తాం. ఆ స్లయిడ్లలో ఉప్పు వల్ల ఏమవుతుందో ఉంటుంది. “మా ఆయన చప్పగా ఉంటే తినడు” అని ఆమె అంటే ఏం జవాబివ్వాలో ఉండదు. విరామంలో సమోసా, మైసూర్‌పాక్ పెడతారన్నది వేరే సంగతి.

2018లో సబ్ సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలైంది. ఇప్పుడు వాటినే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలంటున్నారు. అప్పటి నుంచి 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చూడటం గ్రామ నర్సు పనుల్లో చేరింది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి సీబ్యాక్ ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బులు చూసి మార్కులు వేస్తుంది. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పిలవాలి. ఫారం మంచిదే, కొలవడం సరిగ్గా ఉంటే. ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్ల వరకు సున్నా, 81 నుంచి 90 వరకు ఒకటి, 90 దాటితే రెండు మార్కులు. చీర కుచ్చిళ్ళ మీద నుంచి టేపు చుడితే ఒక మార్కు ఊరికే పెరుగుతుంది. ఇంతకీ ఈ ఫారం జబ్బు వచ్చే అవకాశం ఎవరికుందో చెబుతుందే తప్ప వాళ్ళ అలవాటును కదపదు. ఆ పని మాట చేయాలి.

బీపీ కొలిచేటప్పుడు మాత్రం ఆ మాట ఉండకూడదు. కఫ్ చుట్టి గాలి కొడుతూ “ఉప్పు ఎక్కువ తింటున్నావా?” అని అడగడం చాలాచోట్ల అలవాటు. మాట్లాడుతుంటే బీపీ పెరుగుతుంది. కాలు మీద కాలు వేసుకున్నా, వీపుకు ఆసరా లేకపోయినా, చెయ్యి గుండె ఎత్తున లేకపోయినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంతే. టీ తాగి, చుట్ట కాల్చి అరగంటైనా గడవాలి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు కొలిచి, అప్పుడు మాట మొదలుపెట్టాలి. లేకపోతే తప్పు అంకె చూపించి భయపెట్టినట్టవుతుంది. మరుసటి వారం పీహెచ్‌సీలో మామూలుగా వచ్చిందంటే ఆ ఇంట్లో నర్సు మాటకు విలువ పోతుంది.

ఇక ఉప్పు. అన్నిటికంటే ఎక్కువగా చెప్పేదీ, అన్నిటికంటే తక్కువగా జరిగేదీ ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. “చదునుగా ఒక టీ చెంచా” అని పోస్టర్ల మీద వేస్తారు. మన ఇళ్ళలో ఉప్పు చెంచాతో వేసేవాళ్ళు తక్కువ, చేత్తో వేస్తారు. కల్లుప్పయితే పలుకుల మధ్య సందుల వల్ల చెంచాకు పట్టే బరువు మారిపోతుంది. అందుకే చెంచా లెక్క వదిలేసి ప్యాకెట్ లెక్క నేర్పాలి. నలుగురున్న ఇంటికి నెలకు 5 ఇంటు 4 ఇంటు 30, అంటే 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా అయిపోతోందంటే ఒక్కొక్కరికి 8 గ్రాములు దాటుతోంది. వేసవిలో ఊరగాయలకు రెండు కిలోలు పోశారనుకోండి, ఏడాది పొడవునా మనిషికి రోజుకు ఇంకో 1.4 గ్రాములు కలపాలి. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు కొనేవాళ్ళకు అది వేరు. పశువులకు పెట్టే ఉప్పు, చేపలు కడగడానికి వాడే ఉప్పు ఇందులోంచి తీసేయాలి. అది అడగకపోతే లెక్క తప్పుతుంది, ఆ ఇల్లాలు నొచ్చుకుంటుంది. అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. “ఎక్కువ తింటున్నారు” అనే బదులు “మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుంది?” అని మొదలుపెడితే ఆమే లెక్క వేస్తుంది.

సైంధవ లవణం, కల్లుప్పు మంచివనీ అవి ఎంతయినా వాడొచ్చనీ నమ్మకం బాగా వ్యాపించింది. వాటిలోనూ ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా చాలావాటిలో అయోడిన్ కలిపి ఉండదు. నర్సులే కొందరు ఈ సలహా ఇస్తున్నారు కాబట్టి దీన్ని శిక్షణలో పేరుపెట్టి చెప్పాలి.

ఇంకో పొరపాటు శిక్షణ పుస్తకాల నుంచే వస్తోంది. “ఉప్పు తగ్గించి చింతపండు, నిమ్మరసం, కారం పెంచండి” అని రాస్తారు. వంట తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. మన పులుసులో పులుపూ కారమూ పెరిగితే అది ఇంకా ఉప్పు అడుగుతుంది. పులుసు, పచ్చడి, చారులో మూడూ కలిపి తగ్గించాలి. కూరలు, వేపుళ్ళలో అయితే దించాక పిండిన నిమ్మకాయ, కొత్తిమీర, వెల్లుల్లి తాలింపు పనికొస్తాయి. ఒకేసారి సగం తగ్గిస్తే మూడో రోజు ఉప్పు గిన్నె మళ్ళీ కంచం పక్కకు వస్తుంది. రెండు వారాలకోసారి కొంచెం కొంచెంగా తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది, ఇంట్లో చాలామంది గమనించరు కూడా.

మా జిల్లాలోని ఉద్దానం వైపు పనిచేసే నర్సులకు ఇంకో జాగ్రత్త చెప్పాలి. తక్కువ సోడియం ఉప్పు అని దుకాణాల్లో దొరికేదానిలో కొంత సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో పాఠకులకు తెలుసు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు ఆ ఉప్పు వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా, డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడమని ఎవరికీ చెప్పకూడదు.

ఇప్పుడు అసలు మాట్లాడటం. మాత్రలు సక్రమంగా వేసుకుంటున్న ఒక పెద్దామెతో సంభాషణ ఇలా నడుస్తుంది.

“పెద్దమ్మా, మాత్రలు మానకుండా ఏసుకుంటున్నావు, బాగుంది. ఉప్పు గురించి రెండు మాటలు మాట్లాడుకుందామా?”

“ఏటి సేత్తామమ్మా, సప్పగుంటే మా ముసిలాయన కంచం తోసెత్తాడు.”

ఇక్కడ చాలామంది నర్సులు “అలాగంటే ఎలా, పక్షవాతం వస్తే ఎవరు చూస్తారు?” అంటారు. ఆమె మౌనంగా ఉండిపోతుంది, సంభాషణ అక్కడితో ముగిసింది. శిక్షణ పొందిన నర్సు ముందు ఆమె మాటనే తిరిగి చెబుతుంది: “అంటే వంటలో తగ్గిస్తే ఇంట్లో గొడవ. మరి నీ కంచం వరకు, నువ్వొక్కదానివే తగ్గించుకోగలిగేది ఏదైనా ఉందా?” కాసేపు ఆగుతుంది. ఆగడం చాలా కష్టం, అదీ నేర్పాలి. “పెరుగన్నంలో ఉప్పేసుకుంటాను. రేతిరి మజ్జిగలో కూడా ఏసుకుంటాను.” పట్టు దొరికింది. “ఈ రెండింట్లో ఏది మానడం తేలిక?” “మజ్జిగలోది.” అంతే. ఆ రోజుకు అదొక్కటే. పెరుగన్నం గురించి, నూనె గురించి, నడక గురించి ఆ రోజు మాట్లాడకూడదు.

అమెరికాలో మద్యం మానలేనివాళ్ళతో పనిచేసిన విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి సారం దాదాపు ఇదే. మారాలన్న మాట మనం చెబితే వాళ్ళు ఎదురు వాదిస్తారు. వాళ్ళ నోటి నుంచే వస్తే దానికి వాళ్ళే కట్టుబడతారు. అందులో ఒక ప్రశ్న ఉంది: మారాలని మీకెంత అనిపిస్తోంది, పదిలో ఎన్ని మార్కులు? చదువుకోనివాళ్ళకు ఇది ఎక్కదు. “రూపాయిలో ఎన్నణాలు?” అని అడిగితే పెద్దవాళ్ళు ఠక్కున చెబుతారు. “ఎనిమిదణాలు” అన్నారనుకోండి, తర్వాతి ప్రశ్న “పదహారు ఎందుకు కాలేదు?” అని ఉండకూడదు. అలా అడిగితే మారకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఏకరువు పెడతారు, అవి చెబుతుంటే ఆ కారణాలే బలపడతాయి. “నాలుగణాలే అని ఎందుకు అనలేదు? ఎనిమిది దాకా ఎలా వచ్చావు?” అని అడగాలి. అప్పుడు మారాలనిపించే కారణాలు బయటికొస్తాయి. ఈ ఒక్క ప్రశ్న తిరగేసి అడగడం వల్ల పాడయ్యే సంభాషణలు చాలా ఉంటాయి.

కుటుంబం అంటే ఎవరు అన్నది కూడా తేల్చుకోవాలి. నర్సు పగటిపూట వెళ్తుంది కాబట్టి కోడలు దొరుకుతుంది. వండేది కోడలు. ఉప్పెంత వేయాలో చెప్పేది అత్త. నూనె డబ్బా కొనేది మామో కొడుకో. కోడలికి చెప్పి వచ్చేస్తే ఆ భారమంతా ఆమె మీద పడి, అత్తతో ఒక మాట పడటం తప్ప ఏమీ మారదు. నూనె విషయం కొనేవాళ్ళతో మాట్లాడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఒక మనిషి రోజు తిండికి నమూనాగా చూపిన 2,000 కేలరీల పళ్ళేనికి 27 గ్రాముల నూనె, కొవ్వులు పెట్టింది. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. అయిదు లీటర్ల క్యాన్ నెలకు ఒకటి తెచ్చే ఇంట్లో క్యాన్ చిన్నదైతే తప్ప వాడకం తగ్గదు, ఎందుకంటే ఉన్నదాన్నిబట్టే చెయ్యి వంగుతుంది. ఆ పళ్ళెంలోనే కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు ఉన్నాయి. కూరగాయల లెక్క ఇంటికి రోజుకు కిలోన్నర దాటుతుంది. వారం సంతలో ఒకసారి కొనే ఇంటికి అది చెప్పి లాభం లేదు. పెరట్లో మునగాకు, తోటకూర ఉందా, సంత కూరగాయలు ఎన్నో రోజుకు అయిపోతున్నాయి అని అడగాలి. ఓట్సు, ఆలివ్ నూనె బొమ్మలున్న పోస్టర్లు సబ్ సెంటర్ గోడ మీద ఎందుకున్నాయో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నం తగ్గించమనడంలో ప్రమాదం కూడా ఉంది. షుగరుకు గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు నర్సు మాట విని రాత్రి అన్నం మానేసి మందు మాత్రం వేసుకుంటే తెల్లవారుజామున చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. శనివారం ఒక్కపొద్దులు, కార్తీక సోమవారాలు ఉండేవాళ్ళను ముందే అడగాలి. తినే తీరు మార్చమనే ముందు మందుల పట్టీ చూడటం తప్పనిసరి. మందు మోతాదు డాక్టరు మార్చాలి, నర్సు కాదు. ఏ ప్రమాదం లేనివాళ్ళకైనా ఉత్తినే అన్నం తీసేస్తే ఆకలికి ఆగలేరు. ముందు పప్పు, కూర పెరగాలి, ఆ తర్వాత అన్నం దానంతటదే తగ్గుతుంది.

మద్యం విషయంలో ఇంకా జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగే మనిషిని “రేపటి నుంచి చుక్క ముట్టకు” అంటే, అతను నిజంగానే మానేస్తే, ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్, తర్వాత మతి చలించడం దాకా రావచ్చు. అలాంటివాళ్ళను మాటతో మాన్పించబోకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

పొగాకుకు మాత్రం మాట బాగా పనిచేస్తుంది. రోజుకు ఎన్ని, నిద్రలేచిన ఎంతసేపటికి మొదటిది అన్న రెండు ప్రశ్నలు చాలు. అరగంట లోపే అంటే అలవాటు గట్టిగా పట్టుకుందన్నమాట, మానిన మొదటి వారం సాయం ఎక్కువ కావాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర క్యాన్సర్ బొమ్మ తీయడం కంటే, చిన్న అద్దం, టార్చి ఇచ్చి అంగిలి వాళ్ళకే చూపించడం మేలు. తెల్లగా మారిన చర్మం, ఎర్రటి చుక్కలు కనిపిస్తే “ఇది ఎప్పట్నుంచి?” అని వాళ్ళే అడుగుతారు. మానాలనుకున్నవాళ్ళకు జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 ఫోన్‌లో అక్కడికక్కడే దాచిపెట్టి ఇవ్వాలి, కాగితం మీద రాసిస్తే పోతుంది.

నడక గురించి ఒక్క మాట. వారానికి 150 నిమిషాలన్నది నాట్లు వేసి వచ్చిన మనిషికి చెప్పే మాట కాదు. మిషన్ కుట్టే ఆమెకు, ఆటో నడిపేవాడికి, దుకాణంలో కూర్చునేవాడికి చెప్పాలి.

శిక్షణ ఎలా ఉండాలన్నది ఇక సులువే. ఒక విడతకు 18 మంది మించకూడదు, ముగ్గురేసి ఆరు జట్లు. ఒకరు నర్సు, ఒకరు ఇంటిమనిషి, ఒకరు కాగితం పట్టుకుని గమనించేవారు. ఏడు నిమిషాలు సంభాషణ, మూడు నిమిషాలు చర్చ, తర్వాత పాత్రలు మార్పు. గమనించేవాళ్ళు చూడాల్సినవి: మాట్లాడటానికి ముందు అనుమతి అడిగిందా, అవును కాదు అని తేల్చలేని ప్రశ్నలు ఎన్ని వేసింది, ఎదుటివాళ్ళ మాటను తిరిగి చెప్పిందా, చివరికి ఒకే పని, ఒక రోజు తేలాయా, “ఇంట్లోవాళ్ళకు ఇది ఎలా చెబుతావు?” అని ఆమె నోట చెప్పించిందా. నర్సు మాట్లాడిన సమయాన్ని ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవాలి. సగం దాటితే మళ్ళీ చేయాలి. మొదటిసారి ఈ లెక్క చూసుకున్నవాళ్ళు కంగు తింటారు. బాగున్నది ముందు చెప్పి, మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పాలి.

ఈ అభ్యాసం ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాం. ఇంటిమనిషి పాత్ర వేసేవాళ్ళు తోటి ఉద్యోగి మీద జాలితో “సరే మేడమ్, అలాగే మేడమ్” అంటూ తొందరగా ఒప్పేసుకుంటారు. అందుకని పాత్రలు చీటీల మీద రాసివ్వాలి: “మా నాన్న ఊరగాయ తిని తొంభై ఏళ్ళు బతికాడు అనే అత్త”, “ఫోన్ చూస్తూ జవాబివ్వని భర్త”, “శనివారాలు ఒక్కపొద్దుండే, గ్లిమిపిరైడ్ వాడే ఆమె”. కనీసం మూడుసార్లు అడ్డం తిరగాలని చీటీలోనే రాయాలి.

గదిలో రెండు రోజులు చేసినంత మాత్రాన చాలదు. తర్వాతి రెండు నెలల్లో ప్రతి నర్సు చేసే నాలుగు ఇంటి సందర్శనలకు సూపర్‌వైజర్ వెంట వెళ్ళాలి, కుటుంబం ఒప్పుకుంటేనే. అక్కడ సూపర్‌వైజర్ నోరు విప్పకూడదు. ఆ తర్వాత పీహెచ్‌సీ నెలవారీ సమావేశంలో అరగంట, ఒక కష్టమైన ఇంటి గురించి. ఆ అరగంట నివేదికలు చదవడంలో పోకుండా చూడటం మెడికల్ ఆఫీసర్ బాధ్యత.

సమయం ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. బుధ, శని వారాలు టీకాలకు పోతాయి, యాప్‌లు ఉండనే ఉన్నాయి. అందరితో ఇలా మాట్లాడనక్కర్లేదు. రెండుసార్లు కొలిచినా బీపీ 140/90 కిందికి రానివాళ్ళు, పొగాకు వాడేవాళ్ళు, కొత్తగా షుగర్ బయటపడ్డవాళ్ళు ముందు. రోజుకు రెండు ఇళ్ళు, ఇంటికి పావుగంట. రెండు వారాలకు మళ్ళీ ఒకసారి వెళ్ళాలి. “చేశావా లేదా?” అని కాకుండా “ఏది కుదిరింది, ఏది కుదరలేదు?” అని అడగాలి. సంక్రాంతికో పెళ్ళికో పట్టు తప్పితే అది లెక్కలోకి రాదని ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే సిగ్గుపడి తర్వాతిసారి తలుపు వెనక నుంచే “ఇంట్లో లేరు” అనిపిస్తారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ మేం అడిగేది ఒక్కటే. ట్యాబ్‌లో కౌన్సెలింగ్ అన్న టిక్కు గడి తీసేసి, దాని స్థానంలో రెండు గడులు పెట్టండి: కుటుంబం తన నోటితో ఒప్పుకున్న పని ఏమిటి, మళ్ళీ వెళ్ళే తేదీ ఎప్పుడు. సూపర్‌వైజర్ ఎప్పుడైనా ఆ ఇంటికి వెళ్ళి “మజ్జిగలో ఉప్పు మానావటగా పెద్దమ్మా, ఎలా ఉంది?” అని అడగగలిగేలా ఉండాలి ఆ మొదటి గడి.

ఇట్లు,
కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అధ్యాపకులు,
శ్రీకాకుళం జిల్లా